తోక వంకర పోకపోయినా... నడక వంకర పోతుంది!

పిల్లలు మారాం చేసి కుక్కపిల్లను ఇంటికి తెచ్చుకుంటారు. “అమ్మా, దానికి స్నానం నేనే పోస్తా, పొద్దున్నే నేనే తిప్పుకొస్తా” అని ఒట్లు కూడా పెడతారు. నెల తిరిగేసరికి ట్యూషన్లు, పరీక్షలు! అయ్యగారికి ఎటూ ఆఫీసు. ఇక దానికి బువ్వ కలిపి పెట్టేదీ, గొలుసు పట్టుకుని వీధి చివరి దాకా తీసుకెళ్ళేదీ ఎవరంటారు? ఇంకెవరు, ఇల్లాలే!

పోనీ అది బుద్ధిగా నడుస్తుందా అంటే అదీ లేదు. మనం కుక్కను తిప్పుతున్నామో, కుక్కే మనల్ని తిప్పుతోందో చూసేవాళ్ళకి అర్థం కాదు. ఎదురుగా పిల్లి కనిపించిందంటే ఒక్క ఉరుకు. గొలుసు వేళ్ళకు ఒరుసుకుంటుంది, కుచ్చెళ్ళు కాళ్ళకు అడ్డం పడతాయి. నలభై దాటిన ఒంటికి ఒక్కసారి బోర్లా పడితే చాలు, మణికట్టు విరిగి నెల రోజులు వంటింటికి సెలవే.

ఈ భయంతోనే చాలా ఇళ్ళలో కుక్కను బయటికి తీయడం మానేస్తారు. మెట్ల కిందో, గేటు పక్కనో కట్టేస్తారు. కట్టేసిన కుక్క రోజంతా అరుస్తుంది. ఎవరొచ్చినా మీదికి దూకుతుంది. ఒకరోజు పాలు పోసే అబ్బాయినో, పక్కింటి పసివాడినో కరుస్తుంది. ఆ తర్వాత కథ అందరికీ తెలిసిందే. ఆటోలో వేసుకెళ్ళి ఊరి బయట బైపాస్ రోడ్డు మీద వదిలేసి వస్తారు. ఇంట్లో సంగటి ముద్ద తిని పెరిగిన ప్రాణి అక్కడ ఎన్నాళ్ళు బతుకుతుంది చెప్పండి?

ఇదంతా మొదలయ్యేది గొలుసు లాగే దగ్గరే. ఆ ఒక్కటీ చక్కబడితే కుక్క ఇంట్లోనే ఉంటుంది, మన చేతులూ కాళ్ళూ క్షేమంగా ఉంటాయి. షుగరుకో బీపీకో రోజూ నడవమని డాక్టరు చెప్పిన మాట కూడా పనిలో పనిగా తీరుతుంది. కుక్క తోక వంకర అని సామెత ఉంది కదా. తోక సంగతి ఏమో గానీ, నడక వంకర మాత్రం పోతుంది. దానికి కర్ర అక్కర్లేదు. సరైన బెల్టు, పిడికెడు తినుబండారం, రోజుకు పది పదిహేను నిమిషాల ఓపిక ఉంటే చాలు.

పొలం కుక్క వేరు, ఇంటి కుక్క వేరు

కుక్కల విషయంలో మన సీమకు పేరుంది. కర్నూలు జిల్లా పత్తికొండ మండలంలో పందికోన అనే ఊరు ఉంది. ఆ ఊరి పేరుతోనే పందికోన కుక్కలు ప్రసిద్ధి చెందాయి. కాపలాకూ, ఒకప్పుడు వేటకూ పెట్టింది పేరు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేట నేరమైంది గానీ, వాటి ఉరుకు ఎక్కడికి పోతుంది? పక్కనే కర్ణాటకలో ముధోల్ కుక్కలు కూడా ఇలాగే పరుగుకు పేరు పడ్డవి. 2020 ఆగస్టు 30న రేడియోలో ‘మన్ కీ బాత్’లో ప్రధాని నరేంద్ర మోదీ ముధోల్ పేరు కూడా ఎత్తి, దేశవాళీ కుక్కలను పెంచుకోమని చెప్పారు.

పొలం గట్టున, గొర్రెల మంద వెంట తిరిగే కుక్కకు గొలుసుతో పనేముంది? పొద్దుగూకేదాకా నడుస్తుంది, వాసన చూస్తుంది, అలసిపోయి పడుకుంటుంది. అదే కుక్కను టౌన్లో రెండు గదుల ఇంట్లో పెంచితే ఆ బలమంతా ఎక్కడ ఖర్చు కావాలి? అందుకే గేటు తీయగానే అలా ఉరుకుతుంది. అది పొగరు కాదు, రోజంతా దాచిపెట్టుకున్న బలం.

ఇంకో మాట. కుక్కను తిప్పడం మన దయాదాక్షిణ్యం కాదు, చట్టం చెప్పిన బాధ్యత. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం, మరీ పొట్టి గొలుసుతోనో, మోయలేని బరువు గొలుసుతోనో జంతువును గంటల తరబడి కట్టేయడం నేరం. ఎప్పుడూ కట్టేసి ఉంచే కుక్కను యజమాని తగినంత తిప్పకపోవడం కూడా అదే సెక్షన్లో నేరమని రాసి ఉంది. ఈ సంగతి మన ఇళ్ళలో ఎంతమందికి తెలుసు?

గొలుసా, తాడా, నవారా?

మన వాళ్ళు మొదట కొనేది ఇనుప గొలుసే. కొరకలేదు, తెంపుకోలేదు అని. కానీ దాని బరువంతా మెడ మీద పడుతుంది. కుక్క లాగినప్పుడు మన వేళ్ళు నలుగుతాయి. ఎండలో పది నిమిషాలు పడి ఉంటే పెనంలా కాలుతుంది. నైలాన్ తాడు తేలిక, చవక. అయితే ఒక్కసారి జర్రున జారిందంటే అరచేయి కోసుకుపోతుంది.

చేతికి హాయిగా ఉండేది నూలు పట్టీ. పాతకాలం మంచాలకు అల్లే నవారు గుర్తుందా? అలాంటి గట్టి నేత పట్టీ, అర అంగుళం నుంచి ముప్పావు అంగుళం వెడల్పు, నాలుగు నుంచి ఆరడుగుల పొడవు ఉంటే చాలు. మెత్తటి తోలుదైనా మంచిదే. కొనేటప్పుడు చివర కొక్కెం చూడండి. నొక్కితే తెరుచుకుని, వదిలితే టక్కున మూసుకోవాలి. కుట్లు జంటగా ఉండాలి. కొక్కెం కుట్టిన చోట రెండు చేతులా పట్టి గట్టిగా లాగి చూడండి. చీర కొనేటప్పుడు అంచు లాగి చూస్తాం కదా, అలాగన్నమాట.

డబ్బాలోంచి సర్రుమని బయటికొచ్చి మళ్ళీ లోపలికి చుట్టుకునే తాడు ఒకటి అమ్ముతున్నారు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. ఆటోలు, బైకులు తిరిగే వీధుల్లో అది వద్దు. పదిహేనడుగుల దూరంలో ఉన్న కుక్కను మీరు ఆపేలోపు బండి వచ్చేస్తుంది. పైగా లాగితే తాడు ఇంకా వస్తుందని కుక్కకు నేర్పేది ఆ డబ్బానే.

పట్టీని మణికట్టుకు చుట్టుకోకండి, నడుముకు కట్టుకోకండి. కుక్క ఉరికితే మిమ్మల్నీ ఈడ్చుకుపోతుంది. పట్టీ చివర ఉన్న ఉచ్చులో బొటనవేలు దూర్చి, మిగతాది పిడికిట్లో పట్టుకోండి. రెండో చేయి కాస్త కింద ఉండాలి. కాళ్ళకు హవాయి చెప్పులు కాకుండా, వెనక పట్టీ ఉన్న చెప్పులో బూట్లో వేసుకోండి.

మెడకా, ఛాతీకా?

మెడ బెల్టు వెడల్పుగా, మెత్తగా ఉండాలి. బిగించాక మెడకూ బెల్టుకూ మధ్య రెండు వేళ్ళు దూరాలి. అంతకంటే వదులైతే తల బయటికి తీసేస్తుంది, బిగువైతే ఒరుసుకుని పుండవుతుంది. కుక్కపిల్ల వారం వారం పెరుగుతుంది కాబట్టి ప్రతి ఆదివారం వేళ్ళు దూర్చి చూడండి. మీ ఫోను నంబరు రాసిన బిళ్ళ ఒకటి బెల్టుకు తగిలించండి. దీపావళి టపాకాయలకు బెదిరి పారిపోయిన కుక్క ఇల్లు చేరేది ఆ బిళ్ళ వల్లే.

లాగే కుక్కకు మెడ బెల్టు కన్నా ఛాతీకి వేసే హార్నెస్ నయం. పామరేనియన్ లాంటి చిన్న కుక్కలకు, పగ్ లాంటి చప్పిడి ముక్కు వాటికి మెడ మీద ఒత్తిడి పడితే ఊపిరాడదు. వాటికి హార్నెస్సే వేయాలి. ముధోల్ లాంటి వాటికి తల సన్నం, మెడ బలం. మామూలు బెల్టులోంచి ఇట్టే జారిపోతాయి. వాటికీ ఇదే మేలు.

హార్నెస్‌లో ఒక కిటుకు ఉంది. మన సీమ ఆడవాళ్ళకి ఇది చెప్పగానే అర్థమవుతుంది. కాడి ఎద్దు మెడ మీద ఎందుకు వేస్తారు? ఒళ్ళంతా బలం పెట్టి లాగడానికి. వీపు మీద మాత్రమే రింగు ఉన్న హార్నెస్ కూడా అంతే. కుక్కకు కాడి కట్టినట్టే, ఇంకా బలంగా లాగుతుంది. ఛాతీ మధ్యలో ముందు వైపు రింగు ఉన్నది అడిగి తీసుకోండి. దానికి పట్టీ తగిలిస్తే కుక్క ముందుకు లాగినప్పుడల్లా దాని ఒళ్ళు మన వైపు తిరుగుతుంది. లాగడం దానికి లాభం లేని పని అవుతుంది. భుజాల మీద అడ్డంగా పట్టీ రాకుండా, కాళ్ళు బాగా ఆడేలా ఉండాలి. చంకల దగ్గర కొయ్యకూడదు.

మూతికి వేసేది కూడా కొందరికి అవసరమవుతుంది. నూర్పిళ్ళప్పుడు ఎద్దు మూతికి చిక్కం కడతారు చూడండి, అలా గాలి ఆడే బుట్టలాంటిది కొనండి. దాంతో కుక్క నోరు తెరిచి రొప్పగలదు, నీళ్ళు తాగగలదు. మూతిని గట్టిగా మూసేసే గుడ్డ పట్టీ డాక్టరు దగ్గర రెండు నిమిషాలకు తప్ప నడకకు పనికిరాదు. మన ఎండల్లో అది ప్రాణానికే ముప్పు.

ఇవి కొనకండి

లాగితే మెడ బిగుసుకునే ఉచ్చు గొలుసు, లోపల మేకులున్న బెల్టు, రిమోట్ నొక్కితే షాక్ కొట్టే బెల్టు — ఇవన్నీ ఇప్పుడు ఫోనులో ఆర్డరిస్తే ఇంటికే వస్తున్నాయి. “రెండు రోజుల్లో దారికొస్తుంది” అని రాసి ఉంటుంది. షాక్ బెల్టులను వేల్స్ దేశంలో 2010లోనే నిషేధించారు.

నొప్పి పెడితే ఏమవుతుందో ఆలోచించండి. ఎదుటి కుక్కను చూసి మనది మొరిగింది. మనం గొలుసు గుంజాం, మెడ నొచ్చింది. దానికి అర్థమయ్యేది ‘మొరగకూడదు’ అని కాదు. ‘ఆ కుక్క కనిపిస్తే నా మెడ నొస్తుంది’ అని. రేపు ఇంకా కోపంగా మొరుగుతుంది. గుర్రుమన్నందుకు కొడితే ఇంకా ప్రమాదం. గుర్రు అనేది హెచ్చరిక. దాన్ని కొట్టి మాన్పిస్తే, హెచ్చరిక లేకుండానే కరిచే కుక్క తయారవుతుంది.

పోర్చుగల్‌లో 92 పెంపుడు కుక్కలను పరిశీలించి 2020లో ఒక అధ్యయనం ప్రచురించారు. గుంజడం, అరవడం లాంటి పద్ధతులతో శిక్షణ పొందిన కుక్కల్లో బెదురు లక్షణాలు ఎక్కువగా కనిపించాయి. పాఠం అయ్యాక వాటి లాలాజలం పరీక్షిస్తే ఒత్తిడిని చూపించే హార్మోను కూడా ఎక్కువ పెరిగింది. బహుమతులతో నేర్చుకున్నవి నిదానంగా ఉన్నాయి.

లంచం కాదు, కూలి

“తినుబండారం పెట్టి నడిపించడం లంచం కాదా?” అని మగవాళ్ళు ఎగతాళి చేస్తారు. కాదు. లంచం పనికి ముందు ఇస్తారు, కూలి పని అయ్యాక ఇస్తారు. మనం ఇచ్చేది కూలి.

ఇది కొత్త విద్య కూడా కాదు. అమెరికాలో థార్న్‌డైక్ అనే శాస్త్రవేత్త 1898లోనే పిల్లులను పెట్టెల్లో పెట్టి చూశాడు. ఏ పని చేస్తే తలుపు తెరుచుకుని తిండి దొరికిందో, ఆ పనినే అవి మళ్ళీ మళ్ళీ చేశాయి. తర్వాత స్కిన్నర్ అనే ఆయన దాన్ని ఇంకా వివరంగా చూపించాడు. లాభం ఉన్న పని పెరుగుతుంది, లాభం లేని పని తగ్గుతుంది. అంతే సూత్రం.

ఇందులో ఒక చిన్న మెలకువ ఉంది. కుక్కర్ విజిల్ వినగానే పిల్లలు కంచాల దగ్గరికి వస్తారు. విజిల్ అన్నం కాదు, అన్నం వస్తోందన్న కబురు. కుక్కకూ అలాంటి కబురు ఒకటి కావాలి. ‘భేష్’ అనే మాట పెట్టుకోండి. అది మంచి పని చేసిన ఆ క్షణంలోనే ‘భేష్’ అనాలి, వెంటనే ముక్క ఇవ్వాలి. నాలుగు అడుగులు నడిచాక గుర్తొచ్చి ఇస్తే దేనికిచ్చారో దానికి తెలియదు.

కూలి మన వంటింట్లోనే ఉంది. ఉప్పూకారం లేకుండా ఉడికించిన కోడి మాంసం, గుడ్డు, చప్పిడి జొన్నరొట్టె, క్యారెట్ — ఏదైనా శనగగింజంత ముక్కలు చేయండి. రోజూ పెట్టే తిండిలోంచి ఆ మేరకు తగ్గించండి, లేకపోతే ఒళ్ళు చేస్తుంది. మసాలా కూరలు, ఎర్రకారం దోసె ముక్కలు పెట్టకండి. ఉల్లి మార్కెట్‌కు పేరైన కర్నూలులో ఉల్లిపాయ లేని కూర ఉండదు గానీ, కుక్కకు ఉల్లి విషం. పచ్చిదైనా, వండినదైనా రక్తకణాలను దెబ్బతీస్తుంది. వెల్లుల్లి, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్, వండిన ఎముకలు కూడా వద్దు.

ఐదు నిమిషాల పాఠాలు

పూటకు ఐదు నిమిషాలు, రోజుకు రెండు మూడు సార్లు చాలు. ఆకలితో ఉన్నప్పుడు, కడుపు నిండకముందు నేర్పండి.

మొదటి పాఠం — పరిచయం. బెల్టు వేసి అన్నం పెట్టండి. తిన్నాక తీసేయండి. రెండు మూడు రోజుల్లో బెల్టు చూస్తేనే తోక ఊపుతుంది.

రెండో పాఠం — పేరు. ఒక్కసారే పేరు పిలవండి. మీ వైపు చూడగానే ‘భేష్’, ముక్క. పదిసార్లు పిలిస్తే పదోసారి దాకా వినక్కర్లేదని నేర్చుకుంటుంది.

మూడో పాఠం — పక్కన అడుగు. వరండాలోనో, మేడ మీదో మొదలుపెట్టండి. కుక్క మీ ఎడమ మోకాలి పక్కన ఉండగా ఒక అడుగు వేయండి. అదీ వేసిందా? ‘భేష్’. ముక్క మోకాలి దగ్గరే ఇవ్వండి. ముందుకు చేయి చాపితే ముందుకే వస్తుంది. ఒక అడుగు రెండు, రెండు ఐదు, ఐదు పది అవుతాయి.

నాలుగో పాఠం — నిలబడటం. ఇదే అన్నిటికన్నా ముఖ్యం. వీధిలో లాగిందనుకోండి, మీరు వెనక్కి గుంజకండి, తిట్టకండి. బండరాయిలా నిలబడండి. అది వెనక్కి చూసి, పట్టీ వదులైన మరుక్షణం ‘భేష్’ అని కదలండి. ముందుకు పోవడమే దానికి పెద్ద బహుమానం. లాగితే బండి ఆగుతుంది, వదులు చేస్తే కదులుతుంది అని తెలియాలి. మొదటి మూడు రోజులు మీ గేటు నుంచి పక్క గేటు దాకా పోవడానికే పది నిమిషాలు పడుతుంది. ఫరవాలేదు. ఒకరోజు ఆగి, ఇంకోరోజు తొందరలో లాగనిస్తే మాత్రం మొదటికొస్తుంది.

ఐదో పాఠం — ఎదురు కుక్క. మొరిగాక చేసేదేమీ ఉండదు. మొరగకముందే, దూరంగా కనిపించినప్పుడే ముక్కలు ఇవ్వండి. ‘ఆ కుక్క కనిపిస్తే నాకు కోడిముక్క’ అని దానికి అర్థమవ్వాలి. రోజుకింత దూరం తగ్గించండి.

నడక కుదిరాక ముక్కలు తగ్గించుకుంటూ రండి. ఒకసారి ముక్క, ఒకసారి మెచ్చుకోలు, ఒకసారి చెట్టు దగ్గర తీరిగ్గా వాసన చూడనివ్వడం. వాసన చూడటం కుక్కకు మనం వారపత్రిక చదవడం లాంటిది. దాన్ని లాగేయకండి.

ఇంట్లో అందరూ ఒకే మాట వాడాలి. పిల్లలు ‘కమ్’ అని, అత్తగారు ‘ఇట్రావే’ అని, మీరు ‘రా’ అని పిలిస్తే అది ఎవరి మాట వినాలి? కుక్కకు ఇంగ్లీషు మీడియం అక్కర్లేదు. రా, ఉండు, పద — చక్కటి తెలుగు మాటలు చాలు. చిన్నపిల్లల చేతికి ఒంటరిగా పట్టీ ఇచ్చి వీధిలోకి పంపకండి.

మన ఎండ, మన ముళ్ళు

మే నెలలో 42, 43 డిగ్రీలు దాటడం కర్నూలు, కడపలకు కొత్త కాదు. కుక్కకు మనలా ఒళ్ళంతా చెమట పట్టదు. నాలుక చాచి రొప్పడమే దానికి చల్లదనం. తారు రోడ్డు, నల్లటి కడప బండలు సాయంత్రం దాకా కాలుతూనే ఉంటాయి. నడకకు ముందు అరచేయి వెనక భాగం నేల మీద పెట్టి ఏడు లెక్కపెట్టండి. మీ చేయి ఓర్చుకోలేకపోతే దాని పాదమూ ఓర్చుకోలేదు. వేసవిలో తెల్లవారుజామున, లేదా బాగా చీకటిపడ్డాకే తీయండి. సీసాతో నీళ్ళు వెంట ఉంచుకోండి. విపరీతంగా రొప్పుతూ, చిక్కటి చొంగ కారుతూ, తూలుతుంటే వెంటనే నీడకు చేర్చండి. ఒంటి మీద చల్లనీళ్ళు పోస్తూ, విసురుతూ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి.

ఇంటికొచ్చాక పాదాలు చూడండి. పల్లేరుకాయలు, సర్కారు తుమ్మ ముళ్ళు వేళ్ళ సందుల్లో ఉండిపోతాయి. ముల్లు గుచ్చుకున్న కుక్క నడవనంటే మొండితనం అనుకుంటాం. చెవుల వెనక, బెల్టు కింద గోమార్లు ఉన్నాయేమో చూడండి. అది వీధిలో చేసిన గలీజు కాగితంతో తీసి పారేయండి. ఇరుగుపొరుగు కుక్కను ఓర్చుకోవాలంటే ఇది తప్పదు.

వీధికుక్కలు చుట్టుముడితే పరుగెత్తకండి, మీ కుక్కను చేతుల్లోకి ఎత్తుకోకండి, పైకి దూకుతాయి. గుప్పెడు ముక్కలు వాటి వైపు దూరంగా విసిరి, మెల్లగా పక్కకు తప్పుకోండి.

మూడో నెలలో రేబిస్ టీకా మొదలుపెట్టించి, డాక్టరు చెప్పిన గడువుకల్లా మళ్ళీ వేయిస్తుండాలి. దగ్గర్లోని ప్రభుత్వ పశువైద్యశాలలో అడగండి. కడప జిల్లా వాళ్ళకు ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాల కూడా ఉంది. ఏ కుక్క కరిచినా గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీళ్ళ కింద పదిహేను నిమిషాలు కడిగి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి. కారం, సున్నం, పసరు పెట్టకూడదు.

కొనే ముందు ఒక్కసారి

• పట్టీ: నాలుగు నుంచి ఆరడుగులు, నూలు లేదా మెత్తటి తోలు.
• బెల్టు: రెండు వేళ్ళు దూరాలి, ఫోను నంబరు బిళ్ళ ఉండాలి.
• హార్నెస్: ఛాతీ మీద రింగు, భుజాలకు అడ్డు లేకుండా.
• సంచిలో: ముక్కల డబ్బా, నీళ్ళ సీసా, పాత కాగితాలు.
• వద్దు: ఉచ్చు గొలుసు, మేకుల బెల్టు, షాక్ బెల్టు.

పట్టీ అనేది ప్రమాదం జరక్కుండా చేతిలో ఉండే దారం మాత్రమే. కుక్కను మన పక్కన నడిపించేది, మన పక్కన ఉంటే మంచే జరుగుతుందన్న దాని నమ్మకం. దాని ఆకలి తెలిసి, వేళకు పెట్టి, అలక తీర్చే మనకన్నా ఆ నమ్మకం కలిగించగలిగేవాళ్ళు ఇంట్లో ఇంకెవరున్నారు? గేటు పక్కన కట్టేసి ఉన్న మీ కుక్కతో రేపు పొద్దున్నే వరండాలో ఒక్క అడుగు వేయించి చూడండి. ఆ ఒక్క అడుగుకీ ‘భేష్’ అనడం మాత్రం మరచిపోకండి.